ప్రహరీ దాటని ఎరుపు

మా కడలిపాలెం ఏరియా ఆసుపత్రిలో రోగుల కాళ్ళ మీద గీతలు గీయడం మొదలుపెట్టింది హెడ్ నర్సు సలోమి గారు. ఈ ముక్క రికార్డుల్లో ఎక్కడా లేదు. రికార్డులు రాసేది నేనే కాబట్టి లేదన్న సంగతి నాకు బాగా తెలుసు.

నా పేరు త్రినాథరావు. సీనియర్ అసిస్టెంటుని. వైద్యం రాదు, డ్రాఫ్టింగ్ వచ్చు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను రాసిన సర్క్యులర్ అర్థం కాలేదని వెనక్కి పంపినవాడు లేడు. అర్థమైందని చెప్పినవాడూ లేడు. ఆఫీసు పనిలో ఇంతకన్నా పేరు ఏం కావాలి?

మా చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులు. నీళ్ళలో దిగి పనిచేసేవాళ్ళకి రొయ్య తలమీది ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేదే. చూస్తే చీమ కుట్టినంత గాయం. ఎవరూ పట్టించుకోరు. రెండోరోజుకి దాని చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, వాచిపోయి, జ్వరంతో ఆటోలో దిగుతారు. అప్పుడు సలోమి గారు జేబులోంచి బాల్ పెన్ను తీసి, ఎరుపు అంచు వెంబడే ఆనుకుని ఒక గీత గీసి, పక్కన టైము వేసేవారు. మందు ఎక్కించి కొన్ని గంటలాగి మళ్ళీ చూసేవారు. ఎరుపు గీత లోపలికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. గీత దాటి బయటికి పాకితే డాక్టరు గారిని కేకేసేవారు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. కమిటీ లేదు, ఫారం లేదు, ఒక్క సంతకం లేదు. ఇన్నాళ్ళూ ఈ ఆసుపత్రి ఎలా నడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

మా సూపరింటెండెంటు డాక్టర్ సదాశివమూర్తి గారు 'కొలతల వైద్యం' అనే విషయం మీద మూడురోజుల శిక్షణకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక సంచి, మెడలో ఒక బ్యాడ్జీ, కళ్ళలో ఒక వెలుగు వెంట తెచ్చుకున్నారు. ఆస్పత్రిలో కనబడిన ప్రతిదాన్నీ కొలిపించడం మొదలుపెట్టారు. ఇడ్లీల చుట్టుకొలత, కిటికీల ఎత్తు, రౌండ్సులో ఒక్కో మంచం దగ్గర ఆగే సెకన్లు. ఆ ఊపులోనే ఒక పొద్దున ఆడవాళ్ళ వార్డులో గుర్రాల వీరమ్మ అనే ముసలావిడ పిక్క మీద నీలం గీత చూశారు.

"ఇదేమిటి?"

"గీత సార్," అన్నారు సలోమి గారు.

"ఎవరు ఆమోదించారు?"

"ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా గీశాను సార్. పాకుతోందో తగ్గుతోందో తెలుస్తుందని."

సూపరింటెండెంటు గారు వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ పిక్కని చాలాసేపు చూశారు. తర్వాత నా భుజం పట్టుకున్నారు. "త్రినాథ్, దీన్ని గీత అనుకుంటున్నావా? ఇది డేటా అయ్యా! మన దగ్గర పదకొండేళ్ళుగా డేటా ఉండి కూడా నీళ్ళలో కొట్టుకుపోతోంది!"

ఆ సాయంత్రానికల్లా ఒకటో నంబరు సర్క్యులర్ సిద్ధం. దాని సారాంశం నాలుగు పేరాలు. రోగి చర్మంపై గీయబడు ప్రతి రేఖయూ ఇకమీదట ప్రభుత్వ రికార్డుగా పరిగణింపబడును. సదరు రేఖను రేఖా నిర్ధారణ కమిటీ మాత్రమే గీయవలెను, పక్కన తేదీ, పొట్టి సంతకము, ఆసుపత్రి ముద్ర ఉండవలెను. ఎరుపు సదరు రేఖను దాటిన యెడల ఆ కేసు తీవ్రమైనదిగా భావించి, తక్షణమే, ఇంకే అనుమతియు లేకుండా ఆపరేషన్ థియేటరు తెరువవలెను. దాటని కేసులు సామాన్యమైనవి కనుక గురువారం కమిటీ ముందుకు వచ్చును.

మూడో పేరాలో 'తక్షణమే, ఇంకే అనుమతియు లేకుండా' అన్న మాటలు నావే. అర్థం కోసం వేసినవి కావు, వాక్యానికి కాస్త బరువుండాలని వేశాను. కమిటీకి అధ్యక్షుడు సూపరింటెండెంటు గారు, కన్వీనర్ని నేను. దుర్వినియోగం కాకుండా థియేటరు తాళంచెవి ఆయన టేబుల్ సొరుగులోకి వెళ్ళింది.

వీరమ్మ పిక్క మీద మొదటి ముద్ర నేనే వేశాను. ఊదా రంగు సిరా, గుండ్రటి రబ్బరు స్టాంపు. ఆవిడ మోచేతుల మీద లేచి చూసుకుని, "సంతలో గేదెకేసినట్టు ఏసేత్తన్నావేంటి నాయనా! నన్ను ఎక్కడికి అమ్ముతారు?" అంది. సర్ది చెప్పాను. ఇకనుంచి కాలు కడగకూడదని కూడా చెప్పాను, ప్రభుత్వ రికార్డు చెరిపితే నేరం కదా. సలోమి గారు నావైపు చూసిన చూపు ఏ రికార్డులోనూ పట్టదు. కాలు శుభ్రంగా ఉంచడమే వైద్యంలో సగమని ఆవిడ వాదన. దాన్ని రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ఆవిడకి ఇంజెక్షన్లు చేసే పని ఉందట, ఇవ్వలేదు.

నెల తిరిగేసరికి రాష్ట్ర స్థాయి సమీక్ష జరిగింది, వీడియోలో. అన్ని ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లూ తెరమీద చిన్నచిన్న గళ్ళలో కూర్చున్నారు. మాది ఎడమ పక్క అడుగున. మా సారు గొప్పగా లెక్క వినిపించారు. ఎన్ని గీతలు గీశామో, ఎన్ని ముద్రలు వేశామో, అందులో పదిహేడు కేసుల్లో ఎరుపు గీత దాటిందని.

పెద్ద గడిలోని పెద్దాయన కనుబొమలు లేచాయి. "పదిహేడా? మిగతా ఆసుపత్రుల్లో ఎన్ని?"

ఎక్కడా లేవు. అందరిదీ సున్నా. వాళ్ళు గీతలు గీయరు కాబట్టి దాటడానికి ఏమీ లేదు. కానీ ఆ మాట అనే సందు దొరకలేదు.

"కడలిపాలెంలో మాత్రమే ఎరుపుకి క్రమశిక్షణ లేదన్నమాట," అన్నాడాయన. "వచ్చే నెలకి సరిదిద్దండి."

సూపరింటెండెంటు గారు ఆ రోజు భోజనం ముట్టలేదు. మర్నాడు నాచేత నోటీసు రాయించారు. గీత దాటిన ప్రతి రోగికీ ఒకటి. 'మీ శరీరమునందలి ఎరుపు, కమిటీవారు నిర్ధారించిన హద్దును అతిక్రమించినది. ఇందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

వీరమ్మ సంజాయిషీ నేనే రాసుకున్నాను, ఆవిడకి రాయడం రాదు. "నేను మంచం దిగలేదు బాబూ. అది దాటేటప్పుడు నాకు చెప్పి దాటలేదు. చెప్తే ఆపేదాన్నే." సంతృప్తికరంగా లేదు అని మార్జిన్‌లో రాశాను. ఇంకొకాయన జ్వరంలో ఉండి తెలియక దాటిందని క్షమాపణ పత్రం ఇచ్చుకున్నాడు. చక్కటి భాష. దాన్ని ఫైలులో పైన పెట్టాను.

నోటీసులకి ఎరుపు భయపడలేదు. రెండో నెల పంతొమ్మిది.

అప్పుడు వచ్చింది సూపరింటెండెంటు గారికి ఆ ఆలోచన. శిక్షణలో ఎవరూ చెప్పనిది, పూర్తిగా ఆయన సొంతం. ఎరుపు గీత దాటుతోందంటే తప్పు ఎరుపుది కాదు. గీత మరీ దగ్గరగా ఉంది!

"నాలుగు వేళ్ళు వదిలి గీయండి," అన్నారు.

సలోమి గారు చేతిలో ట్రేతో గుమ్మంలో నిలబడ్డారు. "ఆనుకుని గీస్తేనే కదా సార్, పాకిందో లేదో తెలిసేది?"

"సిస్టర్, మీరు రోగం వైపునుంచి చూస్తున్నారు. కాస్త పరిపాలన వైపునుంచి చూడండి."

నాలుగు వేళ్ళ దూరంతో ఆ నెల అతిక్రమణలు పదకొండుకి దిగాయి. మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? పాదం వాచినవాళ్ళకి మోకాలి దగ్గర గీత. అతిక్రమణలు నాలుగు. మోకాలు వాచినవాళ్ళకి నడుము దగ్గర. రెండు. చెంప వాచిన ఒకాయన వచ్చాడు. అతనికి ఎక్కడ గీయాలో కమిటీకి తోచక, మంచం చుట్టూ సున్నంతో గీశాం. ఆ ఉపాయం అందరికీ నచ్చింది. అన్ని మంచాల చుట్టూ గీశాం. ఐతే మంచం మీదినుంచి లేచి రోగులు మరుగుదొడ్డికి వెళ్ళేసరికి ఎరుపు కూడా వాళ్ళతోపాటే వెళ్ళి రోజుకి ముప్ఫైసార్లు గీత దాటింది. వార్డు గడప దగ్గరికి జరిపాం. మరుగుదొడ్లు వరండా చివర ఉన్నాయి, లాభం లేకపోయింది.

చివరికి ప్రహరీ. ఆసుపత్రి గోడ చుట్టూ, గేటు దగ్గర నేలమీద కూడా, జానెడు వెడల్పున పసుప్పచ్చ రంగు పట్టీ వేయించాం. లోపల ఎన్ని వార్డులున్నా, ఎన్ని మరుగుదొడ్లున్నా అన్నీ గీతకి ఇవతలే. డిశ్చార్జి అయినవాళ్ళు గేటు దాటుతారు గానీ, డిశ్చార్జి కాగితం చేతిలో ఉన్నవాడికి ఇన్ఫెక్షన్ ఉందనడం కాగితాన్ని అవమానించడమే అవుతుంది. ఆ నెల అతిక్రమణలు సున్నా. మరుసటి నెలా సున్నా. వీడియోలో మా గడి కుడిపక్క పైకి వెళ్ళింది. 'ఆదర్శ ఇన్ఫెక్షన్ నియంత్రణ ఆసుపత్రి' బహుమతికి మా పేరు వెళ్ళింది, పరిశీలక బృందం బుధవారం వస్తుందన్నారు.

పోలారావు సోమవారం వచ్చాడు.

మల్లాడి పోలారావు. నలభై ఏళ్ళుంటాయి, రొయ్యల చెరువులో మేత వేసే మనిషి. రోజంతా నడుంలోతు నీళ్ళలో తిరగడమే అతని బతుకు. కాళ్ళు లేకపోతే అతను లేడు. చీలమండ దగ్గర ముల్లు గుచ్చుకుందట. వెంట అతని భార్య నూకరత్నం, చేతిలో ఒక ప్లాస్టిక్ బుట్ట. మూడో మంచం ఇచ్చి సోమవారమే మందు మొదలుపెట్టారు. మంగళవారం పదిన్నరకి సలోమి గారు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆవిడ ఎప్పుడూ రారు.

"త్రినాథ్ గారూ, లేవండి. సూపరింటెండెంటు గారితో మాట్లాడాలి, మీరు సాక్షిగా ఉండాలి."

సర్జన్ హైమవతి గారు అప్పటికే లోపల నిలబడి ఉన్నారు. సూపరింటెండెంటు గారు బుధవారానికి స్వాగతోపన్యాసం దిద్దుకుంటున్నారు.

"సార్, ఆ మూడో మంచం మనిషిని ఇప్పుడే కోయాలి," అన్నారు హైమవతి గారు.

"గురువారం కమిటీ ఉందిగా డాక్టర్."

సలోమి గారు అందుకున్నారు. ఆవిడ గొంతు పెంచగా నేను విన్నది అదే మొదటిసారి. "పైకి చూస్తే అరచేయంత ఎరుపు సార్. అతను చూస్తే కాలు నరుకుతున్నట్టు అరుస్తున్నాడు. కనబడేదానికీ పడే బాధకీ పొంతన లేదంటే లోపల, కండ మీది పొర కుళ్ళిపోతోందని అర్థం. పొద్దున ఎరుపు, ఇప్పుడు ఊదా రంగు తిరుగుతోంది. బొబ్బలు లేచాయి. బీపీ పడిపోతోంది. మందు ఎక్కుతూనే ఉంది, కానీ చచ్చిన కండలోకి మందు వెళ్ళదు. కోసి తీసెయ్యాలి. రోజుల్లో పని కాదు, గంటల్లో పని. ఆలస్యమైతే కాలు పోతుంది. ఇంకా ఆలస్యమైతే మనిషే పోతాడు."

సూపరింటెండెంటు గారు కలం మూత పెట్టారు. ఆయన దుర్మార్గుడు కాడు. అది చెప్పాలి. ఓపిగ్గా వివరించారు. "సిస్టర్, తీవ్రమైన కేసంటే ఏమిటి? గీత దాటినది. గీత ఎక్కడుంది? ప్రహరీ దగ్గర. ఎరుపు ఎక్కడుంది? పిక్క మీద. మధ్యలో రెండువందల అడుగుల భద్రత ఉంది. నేనెలా తాళం ఇస్తాను?"

"పోనీ జిల్లా ఆసుపత్రికి పంపండి సార్," అన్నారు హైమవతి గారు. "మూడు గంటల దారి. దారిలో ఏమవుతుందో నేను చెప్పలేను. కానీ ఇక్కడ ఊరికే ఉంచడం కన్నా నయం."

"అంబులెన్సు గేటు దాటాలిగా! దాటితే అతిక్రమణ అవుతుంది. రేపు పరిశీలక బృందం వస్తుంటే ఇవాళ అతిక్రమణా?" ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "మీరు గీతని మళ్ళీ పిక్క మీదికి జరపమంటారేమో. దానికి కమిటీ తీర్మానం కావాలి. గురువారం."

సలోమి గారు నావైపు తిరిగారు.

"త్రినాథ్ గారూ, గేటు దాటితే అతిక్రమణేనా?"

"నిస్సందేహంగా," అన్నాను.

"గీత దాటితే ఏం చేయాలని రాశారు?"

నా సర్క్యులర్ ఒకరు చెప్పమని అడగడం నాకు కొత్త. నిటారుగా నిలబడి చెప్పాను. "తక్షణమే, ఇంకే అనుమతియు లేకుండా ఆపరేషన్ థియేటరు తెరువవలెను."

"రిజిస్టరు తీసుకుని రండి," అని ఆవిడ బయటికి వెళ్ళిపోయారు.

నేను వరండాలోకి వచ్చేసరికి స్ట్రెచర్ కదులుతోంది. ముందు సలోమి గారు లాగుతున్నారు, వెనక నూకరత్నం తోస్తోంది. పోలారావు దుప్పటి కొరుకుతున్నాడు. ఆ అరుపు నేను రాయలేను. ఇరవై ఆరేళ్ళుగా వార్డులకి పాతిక గజాల దూరంలో కూర్చుని పనిచేస్తూ కూడా అలాంటిది వినలేదు, లేదా విని ఉండి ఫైలులో తల దూర్చి ఉంటాను.

"ఎక్కడికండీ తీసుకెల్తన్నారు?" అంటోంది నూకరత్నం ఏడుస్తూ. "ఇంటికి పంపేత్తన్నారా? మా ఆయనికి నయం కాదనేసేరాండీ?"

"లోపలికి తీసుకెళ్ళడానికేనమ్మా బయటికి తీసుకెళ్తున్నాం. తొయ్యి!"

నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. గేటు దగ్గర గార్డు అడ్డం పడబోయాడు. సలోమి గారు ఆగలేదు. స్ట్రెచర్ ముందు చక్రాలు పసుప్పచ్చ పట్టీ దాటాయి. "రాయండి!" అన్నారావిడ.

కలం తీశాను. ఇక్కడ ఒక సాంకేతికమైన చిక్కు వచ్చింది. పోలారావు తల ముందుకి పెట్టి పడుకున్నాడు. తల దాటింది. ఛాతీ దాటింది. కాలు ఇంకా లోపలే ఉంది. "నియమం ప్రకారం ఎరుపు దాటాలండీ, తల కాదు," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేనే తన్నుకోవాలనిపించింది, కానీ అలవాటు. సలోమి గారు పళ్ళు బిగించి ఇంకో అయిదడుగులు లాగారు. స్ట్రెచర్ పూర్తిగా రోడ్డెక్కింది. ఐసు బాక్సుల లారీ ఒకటి కీచుమని ఆగి హారన్ కొట్టింది. ఎదుటి టీ కొట్టులోవాళ్ళు గ్లాసులతో లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు?"

"దాటింది. పదకొండూ నలభై," అని రాసి సంతకం చేశాను. సంతకం నాది కానట్టు పడింది.

స్ట్రెచర్ని వెనక్కి తిప్పి థియేటరు వైపు తోశారు. నేను సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను. ఆయన అద్దం ముందు నిలబడి 'గౌరవనీయులైన' అన్న మాటని మూడు రకాలుగా పలికి చూసుకుంటున్నారు.

"సార్, గీత దాటింది."

"ఏది?"

"మూడో మంచం ఎరుపు. పదకొండూ నలభైకి. కన్వీనర్ హోదాలో ధ్రువీకరించాను. తాళంచెవి ఇవ్వండి సార్."

ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరు దాటించారయ్యా?"

"ఎవరు, ఎలా అన్న ప్రశ్న మూడో పేరాలో లేదు సార్. తక్షణమే అని ఉంది. ఇంకే అనుమతియు లేకుండా అని ఉంది. కింద మీ సంతకం ఉంది."

సర్క్యులర్ తీసి రెండుసార్లు చదివారు. నాకన్నా ఆయనకే రూల్సంటే భక్తి ఎక్కువ. సొరుగు తెరిచి తాళంచెవి టేబుల్ మీద పెట్టారు. నేను రాసిన వాక్యం ఒక మనిషికి పనికిరావడం నా సర్వీసులో అదే మొదటిసారి. వరండాలో పరిగెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్తున్నాను.

హైమవతి గారు రెండు గంటలు లోపలే ఉన్నారు. చీలమండ నుంచి పిక్క దాకా తెరిచి, కుళ్ళిన పొరంతా తీసేశారు. ఇంకో పూట ఆగితే తొడ దగ్గరికి నరకాల్సి వచ్చేదట. మర్నాడు మళ్ళీ చూశారు, మూడోరోజు ఇంకాస్త తీశారు. కాలు నిలిచింది. పిక్కలో సగం కండ లేదు, కానీ కాలు ఉంది.

ఇక పరిశీలక బృందం. మంగళవారం సాయంత్రమంతా సూపరింటెండెంటు గారు గదిలో పచార్లు చేశారు. రిజిస్టరులో ఒకటి అని ఉంది, అది నా సంతకంతో ఉంది. ఆరుగంటలకి ఆయన నన్ను పిలిచారు. కళ్ళలో మళ్ళీ ఆ వెలుగు.

"త్రినాథ్, ఎరుపు గీత దాటింది. నిజమే. అంటే ఇప్పుడు అది ఎక్కడుంది?"

"మూడో మంచం మీద సార్."

"కాదయ్యా! రికార్డు ప్రకారం ఎక్కడుంది? గీతకి అవతల! బయట ఉన్న ఇన్ఫెక్షన్ మనదెలా అవుతుంది?"

పంతొమ్మిదో నంబరు సర్క్యులర్ అలా పుట్టింది. గీత దాటిన ఇన్ఫెక్షన్ 'బయటి కేసు'గా పరిగణింపబడును. బయటి కేసులు గానీ, బయట వాటిని తాకినవారు గానీ తిరిగి గీత లోపలికి రాకూడదు. ఆపరేషనైన మనిషిని మంచం మీదినుంచి ఈడ్చి పారేసేంత కఠినుడు కాడాయన. అందుకని డిశ్చార్జి దాకా పోలారావు మంచం మీదే ఉన్నాడు గానీ, రికార్డులో మూడో మంచం ఖాళీ. ఖాళీ మంచానికి భోజనం రాదు. సలోమి గారు తన క్యారియర్ తెచ్చిపెట్టేవారు. పరిశీలక బృందం ఆ మంచం ముందు ఆగి, ఖాళీ మంచం కూడా ఎంత నిండుగా, శుభ్రంగా ఉందో అని మెచ్చుకుంది. బహుమతి మాకే వచ్చింది. గుండ్రటి షీల్డు, మధ్యలో ఇత్తడి సున్నా.

మూడువారాలకి పోలారావు ఇంటికెళ్ళాడు. రోజూ కట్టు మార్చాలి. మర్నాడు భార్య భుజం పట్టుకుని గేటు దగ్గరికి వస్తే గార్డు ఆపాడు. బయటి కేసు, లోపలికి రాకూడదు. సలోమి గారికి కబురందింది. ఆవిడ ఒక స్టూలు, ఒక ట్రే తీసుకుని గేటు బయటికి వచ్చి, టీ కొట్టు పందిరి కింద కూర్చుని కట్టు మార్చారు. చేతులు తాకాయి కాబట్టి ఆవిడా బయటి మనిషే అయిపోయారు. ఆవిడ లోపలికి రాలేదు. రెండో రోజు ఇంకో ఇద్దరు చెరువు కూలీలు చూసి వాళ్ళూ అక్కడే కూర్చున్నారు. లోపలికెళ్తే కాలి మీద ముద్ర వేస్తారు, కడుక్కోనివ్వరు, గురువారం దాకా ఆగమంటారు. బయట ఆవిడ పెన్ను తీసి ఆనుకుని గీస్తారు, టైము వేస్తారు, చూస్తారు. వారానికి ముప్ఫైమంది. హైమవతి గారు కూడా వచ్చి అక్కడే ఉండిపోయారు. కోయాల్సినవాళ్ళని పక్క మండలం నుంచి వచ్చిన అంబులెన్సులో నేరుగా జిల్లాకి పంపేవారు, గేటుతో పని లేకుండా. లోపల వార్డులు తళతళలాడేవి. దుప్పట్ల మీద ఒక్క ముడత లేదు.

సలోమి గారికి చార్జి మెమో ఇవ్వమన్నారు. 'ఇన్ఫెక్షన్‌ను ఉద్దేశపూర్వకముగా హద్దు దాటించినందుకు.' నేనే రాశాను. నేనే పట్టుకెళ్ళాను.

ఆవిడ ఒళ్ళో పోలారావు కాలు ఉంది. చేతులకి గ్లవుజులు. మెమో చూసి, "అక్కడ పెట్టండి. ఈ కాలు కాస్త ఎత్తి పట్టుకోండి, కిందివైపు కట్టు చుట్టాలి," అన్నారు.

పట్టుకున్నాను. ఎన్ని కాళ్ళ మీద ముద్రలు వేశానో లెక్క లేదు, ఒక్కదాన్నీ పట్టుకోలేదు. వెచ్చగా ఉంది. లోపల ఏదో సన్నగా కొట్టుకుంటోంది.

"సారు గారండీ," అన్నాడు పోలారావు ముఖం చిట్లించి, "కొంచెం మెల్లిగా పట్టుకోండి. నొప్పెడతాందండి."

వదిలేయబోయాను. సలోమి గారు నవ్వారు. "వదలకండి. మొన్నటిదాకా అక్కడ గిల్లినా తెలిసేది కాదు. నొప్పి తెలిసిందంటే బతికినట్టే." నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి నొప్పెట్టించమన్నట్టు నావైపు చూసింది.

తిరిగి వెళ్తుంటే గార్డు నన్ను ఆపాడు. బయట, బయటి కేసుని తాకాను. పంతొమ్మిదో సర్క్యులర్ అతనికి కంఠతా వచ్చు, ముసాయిదా అంత బాగా కుదిరింది. అరగంట వాదించి ఓడిపోయాను. వెనక్కి వచ్చాను. సలోమి గారు రెండో స్టూలు నావైపు జరిపి, "ఊరికే నిలబడ్డం ఎందుకు, పేర్లు రాయండి," అన్నారు. రాశాను. పేరు, వయసు, ఎక్కడ గుచ్చుకుంది, ఎప్పటినుంచి జ్వరం. ఇంత పొట్టి వాక్యాలు నేను జీవితంలో రాయలేదు.

పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం తల వంచుకుని రాసుకుంటుంటే నా ముందు ఒక జత కాళ్ళు ఆగాయి. కుడికాలికి బూటు, ఎడమకాలికి రబ్బరు చెప్పు. ఎడమ పాదం బాగా వాచి, చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. బొటనవేలి పక్కనుంచి ఎరుపు పైకి పాకుతోంది.

"పేరు?" అన్నాను.

తల ఎత్తాను. సూపరింటెండెంటు గారు. బహుమతి ప్రదానానికి కొన్న కొత్త బూటు కరిచిందట. జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లోపల చూపించుకుంటే పాదం మీద ముద్ర పడుతుంది, గురువారం కమిటీ దాకా ఆగాలి. అందుకని గేటు దాటి, వరసలో నిలబడి, తన వంతు కోసం ఆగి వచ్చారు. నాకు నవ్వు రావాలి. రాలేదు, జాలేసింది.

లేచి నా స్టూలు ఇచ్చాను. ఆయన కూర్చుని పాదం ముందుకి చాచారు. సలోమి గారు పాదాన్ని తిప్పి చూశారు, వేళ్ళ వెనక భాగంతో వేడి చూశారు, జేబులోంచి బాల్ పెన్ను తీశారు. పెన్ను మొన చర్మానికి తగలబోతుండగా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఆగారు.

"సిస్టర్," అన్నారు ఆయన, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లిగా, "దగ్గరగా గీయమ్మా."